తువ్వాలు కింద దూది చెయ్యి

గుంటూరు మిర్చి యార్డులో మర చేత్తో బేరం కుదిర్చిన మొట్టమొదటి మనిషిని నేనే. వంద టిక్కీల, అంటే వంద బస్తాల, తేజ రకం మిరపకాయలు. తువ్వాలు కింద మర చెయ్యి నాలుగు వేళ్లు ముడిచింది, అవతల కొనే కోటయ్య ఒక్క క్షణం బిత్తరపోయి సరేనన్నాడు, చుట్టూ రెండు వందల మంది చప్పట్లు కొట్టారు. ఈ మాట నేను పెళ్లిళ్లలో చెప్పాను, రైళ్లలో చెప్పాను, పళ్ల డాక్టరు నా నోట్లో అద్దం పెట్టి ఉండగా కూడా సగం చెప్పాను.

ఇందులో నిజమెంతో తర్వాత ఒప్పుకుంటాను. ముందు ఆ చెయ్యి చేసినతని సంగతి.

మొన్న ఒంగోలు నుంచి వస్తూ చిలకలూరిపేటలో కారు ఆపించాను. నా పరుపులో దూది ముద్దలు కట్టింది. విప్పి ఏకించి మళ్లీ కుట్టించుకుందామని అతని కొట్టుకి వెళ్లాను. అతను కూర్చునే చోట అతని భార్య కూర్చుని దిండు గలీబు కుడుతోంది.

"అబ్బాయి లేడా అమ్మా?" అన్నాను.

"లేరండీ."

"ఎప్పుడొస్తాడు?"

ఆవిడ సూది ఆపి నా మొహంలోకి చూసింది. "ఆయన పోయి రెండేళ్లయిందండీ."

గుంటూరుకీ పేటకీ గంట ప్రయాణం. ఆ గంట దూరం కబురు రెండేళ్లయినా నాకు చేరలేదంటే తప్పు కబురుది కాదు. పరుపు మాట ఎత్తకుండా తిరిగొచ్చి ఇది రాయడానికి కూర్చున్నాను.

పేరు రాయను. కొట్టు మీది బోర్డు ఎలాగూ వాళ్ల నాన్న పేరుతోనే ఉండేది. పరుపు కావలసినవాళ్లు అతన్ని పరుపులాయన అనేవాళ్లు, కంప్యూటరు పాడైనవాళ్లు కంప్యూటరాయన అనేవాళ్లు. నాకు రెండూ కావలసొచ్చాయి కాబట్టి నేను ఏమయ్యా అనేవాణ్ని.

వాళ్లది దూదేకే ఇల్లు. తాతా, తండ్రీ విల్లు భుజాన వేసుకుని పల్లెపల్లెకీ తిరిగి పరుపుల దూది ఏకినవాళ్లు. ఇతని కాలానికి విల్లు గోడకెక్కింది, కరెంటు మిషను వచ్చింది. కొట్టు ముందు సగం పరుపులు. వెనక సగం విప్పేసిన కంప్యూటర్లు, టేప్‌రికార్డర్లు, నలభై కాళ్ల జెర్రుల్లాంటి నల్ల చిప్పులు. మధ్యలో గోడ లేదు. ఒక దుప్పటి తెరగా ఉండేది, అవసరమొచ్చి దాన్నీ ఎవరి పరుపుకో గలీబు కుట్టేశారు. అప్పట్నించీ ముందు సగంలో ఏకిన దూది వెనక్కి ఎగిరొచ్చి వాలేది. కంప్యూటర్ల ఫ్యాన్లలో దూది, కీబోర్డుల సందుల్లో దూది, అతని కనుబొమల మీద దూది. నలభై నిండని మనిషి అరవై ఏళ్లవాడిలా కనబడేవాడు.

ఆ రోజుల్లో మౌసులకి కడుపులో రబ్బరు బంతి ఉండేది. బల్ల మీద దొర్లుతూ ఉన్న దుమ్మంతా లోపలికి లాక్కునేది. స్పిన్నింగు మిల్లుల ఊళ్లో ఆ దుమ్ము దుమ్ము కాదు, దూది. మిల్లుల గుమాస్తాలు మొరాయించిన మౌసుల్ని తోకలు పట్టుకుని మోసుకొచ్చేవాళ్లు. ఇతను మౌసుని వెల్లకిలా తిప్పి, మూత తీసి, బంతిని అరచేతిలోకి దొర్లించి, లోపలి కడ్డీలకి చుట్టుకున్న పోగుని పట్టకారుతో మెల్లిగా, తెగకుండా, బారుగా లాగేవాడు.

"మా నాయనకి బస్తాల్లో వచ్చేది, నాకు చిటికెల్లో వస్తంది," అనేవాడు. "దూది మాత్రం మమ్మల్ని వదల్లేదండీ."

ఎవరితో మాట్లాడుతున్నా వాళ్ల భుజం మీది పోగు తీసేవాడు. పోగు ఉంటే తీసేవాడు, లేకపోయినా తీసేవాడు. ఒకసారి దొంగసొత్తు కంప్యూటరేదో కొన్నాడేమోనని విచారించడానికొచ్చిన కానిస్టేబులు భుజం మీంచి కూడా తీశాడు. ఆ కానిస్టేబులు తను అడగాల్సిన రెండో ప్రశ్న మర్చిపోయాడు.

ఇంకొకటి, నవ్వు. నేను జోకు వేస్తే అతను నా వైపు శ్రద్ధగా చూసేవాడు, అంతే. మర్నాడు పొద్దున మా ఇంటికి ఫోను చేసేవాడు. "బాబాయిగారూ, నిన్న మీరన్నది ఇప్పుడర్థమైందండీ," అని చెప్పి, అవతల గుక్కతిప్పుకోకుండా నవ్వేవాడు. నా జీవితంలో అంత నిఖార్సయిన నవ్వు ఎవరూ నాకివ్వలేదు. అక్కడికక్కడ నవ్వేవాళ్లలో సగం మంది మొహమాటానికి నవ్వుతారు. ఇతను రాత్రంతా నానబెట్టి నవ్వేవాడు.

నేను అతని దగ్గరికి ఎందుకు చేరానో చెప్పాలంటే నా చెయ్యి సంగతి చెప్పాలి.

యార్డులో నాకు కమీషన్ కొట్టు ఉండేది. రైతులు తెచ్చిన మిరపకాయల్ని కొనేవాళ్లకి అమ్మిపెట్టడం నా పని. ధర నోటితో అనేవాళ్లం కాదు. కొనేవాడొచ్చి నా చేతి మీద తువ్వాలు కప్పి, దాని కింద నా వేళ్లు పట్టుకునేవాడు. ఎన్ని వేళ్లు పట్టాడు, ఎంత గట్టిగా నొక్కాడు, గోటితో గీరాడా లేదా, అదీ లెక్క. నాకు నచ్చకపోతే అతని వేళ్లని నేను ఇంకోలా పట్టుకునేవాణ్ని. పైన మా నోళ్లు వానల గురించీ, వాళ్ల తమ్ముడి గృహప్రవేశం గురించీ మాట్లాడుతూ ఉండేవి. కింద చేతులు మాట్లాడుకునేవి. ఆనుకుని నిలబడ్డవాడికి కూడా తువ్వాలు కదలడమే కనబడేది. ఆ బేరానికి కుడిచెయ్యే ఇవ్వాలి. ఎడమచెయ్యి ఇస్తే అవతలివాణ్ని తిట్టినట్టు.

రెండువేల మూడో నాలుగో, మాఘమాసంలో ఒక పొద్దున నా కుడిపక్క పడిపోయింది. నెలలో కాలు తిరిగొచ్చింది. మూతి సర్దుకుంది, సర్దుకున్నాక మునుపటికన్నా ఎక్కువ మాట్లాడిందని మా ఆవిడ అంటుంది. చెయ్యి మాత్రం రాలేదు. భుజం దగ్గర కొంచెం మెదిలేది. దాని కిందదంతా ఎవరో నా ఒళ్లో మర్చిపోయి వెళ్లిన వస్తువులా ఉండేది.

తువ్వాలు మా బావమరిది భుజానికెక్కింది. నా కొట్టులో, నా కుర్చీలో కూర్చుని, "నువ్వు రెస్టు తీసుకో బావా," అనేవాడు. చెడ్డవాడు కాదు, అదే బాధ. రైతులు వాడికి నమస్కారం పెట్టి ధర అడిగేవాళ్లు. నా దగ్గరికొచ్చి, "ఒంట్లో ఎట్టా ఉందండీ?" అనేవాళ్లు. ముప్పై ఏళ్లలో ఏ రైతూ నా ఒంటి సంగతి అడగలేదు. అడిగారంటే నా పని అయిపోయిందని అర్థం. ఆ చెయ్యి మళ్లీ తువ్వాలు కిందికి వెళ్లకపోతే నేను ఇంట్లో గోడవైపు తిరిగి పడుకోవలసిందే.

డాక్టరు స్పాంజి పరుపు వద్దు, గట్టి దూది పరుపు కుట్టించుకో అన్నాడు. అలా పేటకెళ్లాను. దారి పొడుగునా రెండు పక్కలా కల్లాల్లో మిరపకాయలు ఎండుతున్నాయి. ఎర్రటి నేల ఎటువైపు చూసినా బస్సుతోపాటే కదిలొస్తున్నట్టుంది. మధ్యమధ్య ఏరకుండా వదిలేసిన పత్తిచేలు. కిటికీ పక్కన కూర్చుని, నా ఒళ్లోని పరాయి చేతిని ఎడమచేత్తో పట్టుకుని చూస్తూ వెళ్లాను.

కొట్టులోకి అడుగుపెట్టగానే నా కంట్లో ఎండ పడింది. తల తిప్పాను. ఎండ నా వెనకే వచ్చింది. రూపాయి బిళ్లంత వెలుగు చుక్క నా చొక్కా మీంచి దిగి, పరుపుల మీదుగా పాకి, గోడ మీది విల్లు చివర కాసేపు కూర్చుని, ఏకే మిషను నడిపే ముసలాయన తలపాగా మీదికెక్కింది. దారిలో ఎగురుతున్న దూదిపోగులన్నీ ఆ వెలుగులో ఒక్కొక్కటే అంటుకుని ఆరిపోతున్నాయి. నేను వచ్చిన పని మర్చిపోయాను.

లోపల ఇతను స్టూలు మీద కూర్చుని మౌసు జరుపుతున్నాడు. ఎదురుగా కిటికీలో చిన్న అద్దం ముక్క. దాని కింద రెండు చిన్న నల్ల మోటార్లు, ఒకటి పక్కలకి తిప్పేది, ఒకటి పైకీ కిందికీ. మౌసు ఎటు జరిగితే అద్దం అటు తలతిప్పుతోంది. కంప్యూటరు లేదు. మౌసు తోకకీ మోటార్లకీ మధ్య ఒక్క నల్ల చిప్పు.

"దేనికయ్యా ఇది?" అన్నాను.

"ఎండని జరుపుదామనండీ."

"జరిపి?"

మౌసుని ఇంకాస్త జరిపాడు. "అంతేనండీ," అన్నాడు.

ముందు నుంచి భార్య గొంతు వచ్చింది. "ఉతికిన గలీబులు ఆరలేదు, ఆ ఎండేదో అటు తిప్పమనండి."

అతను నిజంగానే తిప్పాడు.

ఆ మోటార్లని సర్వోలంటారట. మద్రాసులో బొమ్మ విమానాల కొట్టు నుంచి తెప్పించాడు. నాకు చెప్పడానికి ఒకదాన్ని తీసి దవడకి ఆనించుకున్నాడు. అది జీమని సన్నగా పాడుతుంటే కళ్లు మూసుకుని విన్నాడు. తర్వాత దాన్ని నా దవడకి ఆనించాడు. నా మూతి ఇంకా పూర్తిగా నా స్వాధీనంలో లేదు. అయినా ఆ పాట ఎముకలోకి దిగింది.

"మౌసుకి తనెక్కడుందో తెలవదండీ," అన్నాడు. "ఎంత కదిలిందో, ఎటు కదిలిందో అంతే తెలుసు. సర్వోది ఇంకో తిక్క. దానికి ఫలానా చోట ఉండాలని చెప్పాలి. చెబితే వెళ్లి అక్కడే నిలబడుద్ది. తోసినా మళ్లీ అక్కడికే వస్తది. కాకపోతే అదే మాట సెకనుకి యాభైసార్లు చెబుతా ఉండాలి. ఆపితే మర్చిపోద్ది."

"మరి మధ్యలో ఆ చిప్పు?"

"ఆయన ఇద్దరి మాటా విని సర్దుతాడండీ. జరిగినవన్నీ కూడి, ఎక్కడికొచ్చామో ఆయనే గుర్తుపెట్టుకుంటాడు."

"మా బావమరిది లాగా కాదన్నమాట," అన్నాను. నవ్వలేదు. మర్నాడు ఫోనొచ్చింది.

ఏ పనీ తను చేశానని అనేవాడు కాదు. పని జరిగితే "ఒప్పుకుందండీ" అనేవాడు. జరక్కపోతే "ఇంకా ఒప్పుకోలేదు" అనేవాడు. నేను నా చెయ్యి చూపించి, ఇది ఒప్పుకోవట్లేదయ్యా అన్నాను. హాస్యానికే అన్నాను. అతను ఆ చేతిని పరుపు కొలిచే టేపుతో కొలిచాడు. మణికట్టు, అరచెయ్యి, ఒక్కో వేలు. "ఇంకోటి చేద్దామాండీ," అన్నాడు.

తర్వాతి వారం అతను యార్డుకొచ్చాడు. ముక్కులో దూది పెట్టుకుని, కళ్లు నీళ్లు కారుతుండగా, తుమ్ముతూ మూడు రోజులు నిలబడ్డాడు. ఎక్కడ బేరం జరుగుతుంటే అక్కడికెళ్లి తువ్వాలు వంక రెప్ప వెయ్యకుండా చూసేవాడు. ఇద్దరు ముగ్గురు కసిరారు. కోటయ్య నన్ను పిలిచి, "ఎవడ్రా వాడు, తువ్వాళ్లు కొనడానికొచ్చాడా?" అన్నాడు. కోటయ్య ఎగుమతిదారులకి కాయలు కొనిపెట్టేవాడు. నేనూ వాడూ ఒకేసారి యార్డులో అడుగుపెట్టాం. వాడికి నా మీద ఎంత ప్రేమంటే, నాకు జబ్బు చేసిన నెల వాడు మా బావమరిది దగ్గర ఒక్క బస్తా కూడా కొనలేదు.

నెల తిరిగేసరికి చెయ్యి తయారైందని ఫోను. వెళ్లాను. రేకు ముక్కలతో అయిదు వేళ్లు. అతను మౌసుని పక్కకి జరిపాడు. చూపుడువేలు లేచింది. ఇంకొంచెం జరిపాడు. రెండు, మూడు, నాలుగు, అయిదు. బడిపిల్లలు లెక్క చెప్పినట్టు వేళ్లు నిటారుగా నిలబడ్డాయి. నేను పడీపడీ నవ్వాను.

"తువ్వాలు కింద ఎవరికి చూపిస్తుందయ్యా ఇది?"

అతను నా భుజం మీంచి పోగు తీశాడు. "చూపించరా అండీ?"

"పట్టుకుంటారు."

"ఏంది పట్టుకునేది?"

"ఎదుటివాడి వేళ్లు."

రేకు వేళ్లని ఒక్కొక్కటే కిందికి వాల్చాడు. తర్వాత, "మూడు రోజులు చూశానండీ. తువ్వాలే కనపడింది," అన్నాడు.

నా నవ్వు ఆగిపోయింది. నిజమే కదా. ఎవరూ చూడకూడదనే కదా కప్పేది. ముప్పై ఏళ్లు కాపురం చేసిన మా ఆవిడకి కూడా తువ్వాలు కింద ఏముందో తెలియదు. అది మా వృత్తి కట్టు, బయట చెప్పకూడదు. చెప్పకపోతే చెయ్యి లేదు. నేను నసుగుతుంటే అతను, "నేను కాయలు కొనేవాణ్ని కాదు కదండీ, పరుపులు కుట్టేవాణ్ని," అన్నాడు.

ఆ మధ్యాహ్నం కొత్త పరుపుల మీద ఎదురెదురుగా కూర్చున్నాం. తువ్వాలు లేదు, పరుపు గలీబు కప్పుకున్నాం. నేను ఎడమచెయ్యి ఇవ్వబోయాను. అతను వద్దని నా కుడిచేతినే తీసుకున్నాడు. నేను నోటితో చెబుతున్నాను, అతను నా చచ్చిన వేళ్ల మీద పట్టి చూస్తున్నాడు. ఇలాగా అండీ. కాదు, ఆ రెండూ కలిపి. ఇలాగా. ఆఁ, ఇప్పుడు నొక్కు. అది ధరకి ఇంకో సగం కలిపినట్టు. గోరు ఆనించు. అది కడసారి మాట, దాని తర్వాత చెయ్యి తీసెయ్యాలి. కొట్టు ముందువైపు మిషను ఆగింది. ముసలాయన పరుపు మీదే కునుకు తీస్తున్నాడు. పైన దూది తేలుతోంది, కింద పడట్లేదు. ఆ మనిషి వేళ్లు మెత్తగా, పొడిగా ఉన్నాయి. అవి నా వేళ్లని పట్టుకున్నట్టు నాకు తెలియట్లేదు గానీ, పట్టుకున్నాయని నమ్మకంగా ఉంది. అలా ఎంతసేపు కూర్చున్నామో చెప్పలేను. గంట అని ఇన్నాళ్లూ చెప్పాను. పావుగంట అయుంటుంది.

రెండో చెయ్యి దూదితో చేశాడు. లోపల వెదురు పుల్లలు, పైన ఏకిన దూది, దాని మీద పాత మల్లుగుడ్డ. పరుపు కుట్టే దారం ప్రతి వేలి లోపలినుంచీ వెళ్లి వెనక సర్వోకి కట్టి ఉండేది. మౌసు పక్కకి జరిపేకొద్దీ వేళ్లు ఒక్కొక్కటే ముడుచుకుని పట్టుకునేవి, వెనక్కి జరిపితే విచ్చుకునేవి, బొత్తం నొక్కితే గట్టిగా నొక్కేవి. ముసురు పట్టిన పొద్దున ఆ చెయ్యి పట్టుకుంటే నా చేతికన్నా వెచ్చగా ఉండేది.

మౌసుని మాత్రం నా కుడిచేతి కింద పెట్టాడు. అరచేతిని దానికి నాడాతో కట్టాడు.

"అది చచ్చిందయ్యా. ఎడమది బానే ఉందిగా," అన్నాను.

"పక్కకి జరిగితే చాలు కదండీ. భుజం బతికే ఉందిగా," అన్నాడు.

నాలుగు నెలలు వారానికి రెండుసార్లు వెళ్లాను. మొదట భుజంతో ఈడ్చేవాణ్ని. చెమటలు పట్టేవి. ఒక్క వేలు ముడిచేసరికి కాఫీ చల్లారిపోయేది. తర్వాత మోచెయ్యి తోడొచ్చింది. బొత్తం నొక్కడం మాత్రం చూపుడువేలికి చేతకాలేదు, మొత్తం చెయ్యి వాల్చి బరువుతో నొక్కేవాణ్ని. అతను పక్కన కూర్చుని ఎవరిదో మౌసు కడుపులోంచి దూది లాగుతూ, "ఒప్పుకుంటంది, ఒప్పుకుంటంది," అనేవాడు. నాతో అనేవాడో చిప్పుతో అనేవాడో తెలిసేది కాదు.

ఇక యార్డు. ఇప్పుడు ఒప్పుకోవలసిన చోటుకొచ్చాను.

రెండు వందల మంది లేరు. పాతికమంది ఉంటారు, అందులో హమాలీలే ఎక్కువ. నేను టిక్కీ మీద కూర్చున్నాను. ఒళ్లో చెక్క, దాని మీద మౌసు, ముందుకి పొడుచుకొచ్చిన దూది చెయ్యి. బ్యాటరీ సంచి అతను పట్టుకున్నాడు. కోటయ్యకి ముందే అంతా చెప్పాను. వాడు తువ్వాలు కప్పి చెయ్యి లోపలికి పెట్టి, "మెత్తగా ఉందిరా, మీ ఆవిడ చేతిలాగా లేదులే," అన్నాడు. హమాలీలు నవ్వారు. నేను భుజంతో ఈడ్చాను. జీమంది. ఒక వేలు, రెండు, మూడు, నాలుగు. కోటయ్య మొహంలో ఎగతాళి పోయింది. నేనడిగిన ధర వాడికి తెలిసింది. అంతవరకూ నేను చెప్పుకునేదంతా నిజం.

తర్వాత వాడు జవాబిచ్చాడు. వాడి వేళ్లు దూది వేళ్లని పట్టుకున్నాయి, నొక్కాయి, తోశాయి. తువ్వాలు కదులుతోంది. నేను తువ్వాలు వంక చూస్తున్నాను, ఏమన్నాడో నాకు తెలియదు. తోసినప్పుడల్లా సర్వో మొండిగా జీమని వెనక్కి వస్తోంది. వాడు మళ్లీ అన్నాడు. అది మళ్లీ జీమంది. మూడోసారి వాడు చెయ్యి తీసేసి, తువ్వాలు మడిచి నా ఒళ్లో పెట్టాడు.

"ఇది మాట్లాడతంది గానీ వినట్లేదురా," అన్నాడు.

చప్పట్లు లేవు. వంద టిక్కీలు మా బావమరిది అమ్మాడు.

అతను బ్యాటరీ తీగలు పీకి, సంచీలో అన్నీ సర్దుకుని, "వినడం నేను అడగలేదండీ దాన్ని. చెప్పడమే అడిగాను," అన్నాడు. తప్పు తనదన్నట్టు నా భుజం మీంచి ఏదో తీశాడు. ఆ రోజు అతని భుజం నిండా మిరప గింజలున్నాయి. నేను తియ్యలేదు. బస్సు ఎక్కించడానిక్కూడా వెళ్లలేదు. సిగ్గేసింది. అతని వల్ల సిగ్గుపడ్డానని నాకు నేను చెప్పుకున్నాను.

పేట వెళ్లడం మానేశాను. కానీ చెయ్యి మానలేదు. మా కోడలి కంప్యూటరు దగ్గర కూర్చుని మధ్యాహ్నాలు పేకముక్కల ఆట ఆడేవాణ్ని, కుడిచేత్తోనే, అలవాటైపోయి. మోచెయ్యి తర్వాత మణికట్టు వచ్చింది. ఆ తర్వాత ఒకరోజు చూపుడువేలు దానంతటదే టక్కుమని బొత్తం నొక్కింది. ఎర్ర ఆఠీను కింద ఎందుకు పడిందా అని చూస్తూ కూర్చున్నాను, అది నేనే వేశానని తట్టలేదు. మళ్లీ నొక్కింది.

ఆరునెలలకి యార్డుకెళ్లాను. మా బావమరిది కుర్చీలోంచి లేచాడు, తువ్వాలు తీసి నా భుజాన వేశాడు. కోటయ్యకి కుడిచెయ్యి ఇచ్చాను. పట్టు లేదు, వణుకు ఉంది. వాడు పైన వాళ్ల గేదె ఈనిన సంగతి చెబుతూ కింద ఒక ధర అన్నాడు. దగా ధర. నాకు వినబడింది. నేను వాడి వేలు వెనక్కి తోశాను. వాడు గేదె సంగతి మధ్యలో ఆపేసి, తల పక్కకి తిప్పుకుని, "ఘాటెక్కువైంది," అని కళ్లు తుడుచుకున్నాడు.

అప్పుడు నాకు తెలిసింది ఆ మనిషి ఏం చేశాడో. దూది చెయ్యి ఒట్టి సాకు. నన్ను కూర్చోబెట్టి, నాలుగు నెలలు నాకు తెలియకుండా నా చేతిని నాచేతే ఈడ్పించడానికే మౌసు కుడివైపు పెట్టాడు. డాక్టర్లు చెప్పలేనిది దూదేకేవాడు ఆలోచించాడు. ఆ వారమే ఒక బస్తా మేలురకం కాయలు వేసుకుని పేటకెళ్లాను. చెయ్యి చాపాను. అతను పట్టుకున్నాడు. నేను నాలుగు వేళ్లూ ముడిచాను. అతను శ్రద్ధగా చూశాడు, అంతే. మర్నాడు పొద్దున ఫోను మోగింది. గుక్కతిప్పుకోకుండా నవ్వుతున్నాడు.

ఇంతవరకూ రాసి, అచ్చుకి ఇచ్చేముందు ఆవిడకి వినిపించడం మర్యాదనిపించింది. నిన్న మళ్లీ పేట వెళ్లాను, పరుపు కూడా తీసుకెళ్లాను. ఆవిడ నా పరుపు కుట్లు విప్పుతూ మొత్తం విన్నది. కానిస్టేబులు దగ్గర కాస్త నవ్వింది. అయిపోయాక, "అందులో రెండు నిజం కాదండీ," అంది.

"రెండేనా అమ్మా?" అన్నాను.

"మౌసు మీ కుడిచేతి కింద పెట్టింది మీ చెయ్యి బాగుపడాలని కాదు. ఆయనకంత దూరపు ఆలోచన లేదు. దాని తీగ మిషన్లో పడి తెగిపోయింది. తెగినంత తీసేసి అతికించారు, జానెడు మిగిలింది. చిప్పు ఉన్న పెట్టె కుడిపక్కనుంది. ఎడమచేతి దాకా రాలేదు. కొత్తది కొనండని నేను పోరాను. జరుగుతందిగా అన్నారు."

నేను నవ్వాను. అంతకన్నా బాగుంది, రాస్తానన్నాను. "సరే, మరి రెండోది?"

ఆవిడ కుట్టు విప్పడం ఆపలేదు.

"మీరు రాలేదండీ బాబాయిగారూ. ఫోనూ లేదు, నవ్వూ లేదు. ఆటోలో మిరపకాయల బస్తా వచ్చింది, అంతే. మీ చెయ్యి వచ్చిందని నాకు మొన్న మీరు కారు తలుపు తీస్తంటే తెలిసింది. ఆయనకి తెలవదు. మర పని చెయ్యకపోయినా మనసులో పెట్టుకోకుండా కాయలు పంపాడు, మంచోడని రెండు రోజులు అన్నారు."